మొదటి డ్రమ్ము

నీళ్ళ ట్యాంకరు వీధి మొదట్లో ఆగగానే, దాన్ని నడిపే దిగులత్త కొడుకు కిందికి దిగాడు. పైపు లాక్కుని, తన గుమ్మం దాటి వెళ్ళి, పక్కింటి కుట్టుమిషనావిడ డ్రమ్ములో పెట్టాడు. దిగులత్త తన డ్రమ్ము మూత తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ వీధికి నీళ్ళొస్తే మొదట నిండేది డ్రైవరింటి డ్రమ్ము. ఎవరూ కూర్చుని పెట్టుకున్న కట్టుబాటు కాదు. కొడుకు ఆ బండి స్టీరింగు పట్టిన నాటి నుంచీ అలా జరిగిపోతోంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గానీ, దిగులత్త మాత్రం మొదటి పంక్తి వదలదమ్మా అని ఆడవాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. ఆవిడ నవ్వేది. నవ్వినందుకు మళ్ళీ ఏం ఏడవాల్సి వస్తుందోనని వెంటనే మూతి బిగించుకునేది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఎక్కడికి వెళ్ళినా భయాన్ని వెంటబెట్టుకునే మనిషి. మబ్బు పడితే పిడుగంటుంది, పట్టకపోతే కరువంటుంది. కొడుకు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, లారీ ఏ మలుపులో బోల్తా పడిందో, ఎవరు ఏ ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టారో అంతా కళ్ళకు కట్టినట్టు చూసేసి, అతను గుమ్మంలోకి వచ్చేసరికి ఏడ్చి ముఖం కూడా కడుక్కుని ఉండేది. అందుకే ఆ పేరు.

పైపు ఇంటింటికీ తిరిగింది. డ్రమ్ములు, బకెట్లు, పిల్లలు స్నానం చేసే ప్లాస్టిక్ తొట్లు కూడా నిండాయి. చాలా రోజులు బండి రిపేరులో ఉండి, వీధి నాలుక పిడచగట్టుకుపోయి ఉంది కదా, ఎవరికీ ఇంకేమీ కనపడలేదు. బండికి కొత్తగా నీలం రంగు వేశారు. అది ఇంకా ఆరనైనా లేదు, కుట్టుమిషనావిడ అరచేతికి అంటుకుంది. నీళ్ళలో బ్లీచింగ్ వాసన ముక్కు పగిలేలా ఉంది. బండి సొంతదారు సారు ఇన్నాళ్ళకి మందు కలిపిస్తున్నాడు, బుద్ధొచ్చింది అనుకున్నారు.

చివరి ఇల్లు అయ్యాక కొడుకు పైపు చుట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. తల్లి చేతిలో మూత ఇంకా అలాగే ఉంది. ఆవిడ వైపు చూడకుండా, "ఇవాళ మనకొద్దులేమ్మా. క్యాను తెస్తాను," అన్నాడు. అని బండెక్కి వెళ్ళిపోయాడు.

వీధి వీధంతా తడిసి, తన డ్రమ్ము ఒక్కటే అడుగున దుమ్ముతో ఉండటం ఆవిడ ఎన్నడూ చూడలేదు. మూత పెట్టబోయి, ఎందుకో డ్రమ్మునే బోర్లించింది.

సాయంత్రం కొడుకు నిజంగానే భుజాన క్యాను పెట్టుకుని వచ్చాడు. దించీ దించగానే దొడ్లోకి వెళ్ళి, పాతనీళ్ళు అడుగూ బొడుగూ ఉన్న బకెట్టు ముందేసుకుని కూర్చున్నాడు. చేతులు రుద్దుకున్నాడు. గోళ్ళ సందుల్లో పుల్లతో గీక్కున్నాడు. మోచేతుల దాకా సబ్బు పట్టించి, కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ పట్టించాడు. తలుపు చాటు నుంచి ఆవిడ చూస్తోంది. లోపలికి వచ్చి కోడలితో మెల్లగా చెబుతున్నది కూడా విన్నది. చంటిదానికి క్యాను నీళ్ళే పట్టమంటున్నాడు. పాలసీసా కూడా వాటితోనే కడగమంటున్నాడు. పక్కింటివాళ్ళు ఎవరైనా నీళ్ళిచ్చినా లోపలికి తేవద్దంటున్నాడు.

కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయాడు. బండి బాగైందా అని ఆవిడ అడిగింది. అయిందన్నాడు. దానికేం పోయిందిరా అంటే, ఏదో పోయింది, నువ్వు తినమ్మా అన్నాడు.

ఇంకేముంది. ఆవిడ భయాల మూట విప్పుకుంది. సారుతో గొడవపడ్డాడేమో. ఉద్యోగం ఊడగొట్టుకోబోతున్నాడేమో. ఎవరినైనా గుద్దేసి బండికి రంగు మార్పించారేమో. పోలీసులు, జైలు, చంటిపిల్లతో కోడలు, అన్నీ వరుసగా వచ్చి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆవిడ భయాలన్నీ ఎప్పుడూ ఒకే దారిన నడిచేవి. కొడుక్కి ఏమవుతుందోనని. వాడి వల్ల ఏమవుతుందోనన్న దారి ఒకటుందని ఆవిడకి అప్పటిదాకా తట్టలేదు.

*

మర్నాడు మళ్ళీ ట్యాంకరు వచ్చింది. మళ్ళీ తన డ్రమ్ము దాటిపోయింది. ఈసారి ఆవిడ ఊరికే నిలబడలేదు. కొంగు నడుముకి దోపుకుని, ఏదో పడిపోయింది వెతుకుతున్నదానిలా, బండి వెనక్కి వెళ్ళింది.

పాత బండికి వెనక వరుసగా కుళాయిలు ఉండేవి. దీనికి ఒక్కటే కుళాయి. దాని చుట్టూ వెల్డింగు చేసిన ఇనప రేకు. ఆ రేకు కింద, రంగు సరిగా పట్టని చోట, పెద్ద గుండ్రటి నోరు అంచు తెలుస్తోంది. మనిషి తల పట్టేటంత నోరు. అది మూసేసి, మధ్యలో చిన్న బెజ్జం పెట్టి కుళాయి బిగించారు. నీలం రంగు కింద నుంచి గోధుమరంగు చార ఒకటి కారి ఎండి ఉంది.

ఆ నోరు ఆవిడకి తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. దానికి లావుపాటి గొట్టం తగిలించి ఇళ్ళ వెనక మరుగుదొడ్ల గుంతలు తోడుతుంటే, ముక్కులు మూసుకుని తలుపులేసుకునేవాళ్ళు. అత్తరు బండి వచ్చిందే అని ఒకరినొకరు కేకేసుకునేవాళ్ళు. పిల్లలైతే దాని వెంట పరిగెత్తుతూ దాని మీద పాటే కట్టారు.

కాదులే, ఇనుమంతా ఒకేలా ఉంటుంది అని సర్దిచెప్పుకుంది. అత్తరు బండి ఏమైందో చూసి వస్తే పోలేదా అని, ఎండ ముదరకముందే లేఅవుట్ చివరికి నడిచింది.

అమ్ముడుపోని ప్లాట్లలో హద్దురాళ్ళు పళ్ళలా బయటికి వచ్చి ఉన్నాయి. ఒక రాయి మీద తెల్లరంగు నంబరు, దాని పక్కనే పగిలిన టాయిలెట్ సింకు. పొలం గట్టు సగం మిగిలింది, సగం తారు కింద పడిపోయింది. అది దాటితే గుంట. చెరువుని పూడ్చి ప్లాట్లు చేస్తే, మట్టి చాలక మిగిలిపోయిన మూల అది. అత్తరు బండి వీధుల్లో తోడింది తెచ్చి ఆ గుంటలోనే విడిచేది. దానికి అటు పక్క, ఓ కేక పెడితే వినపడేంత దూరంలో, అందరూ సారు అనే ప్లాట్లాయన ఆఖరి మడి. అందులో పంట లేదు. మడి మధ్య బోరు, బోరు పక్కన నీళ్ళ ట్యాంకర్లు నిలబడే సిమెంటు గచ్చు. పొలాలు కోసి అమ్మినవాడూ అతనే. కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి నీళ్ళమ్మేదీ అతనే. ఆ నీళ్ళు తాగి వాళ్ళు విడిచింది ఎత్తిపోయడానికి బండి పంపేదీ అతనే. మనిషిని పై నుంచి కింద దాకా అద్దెకు తీసుకున్నట్టు.

గుంట అంచున ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. ఎప్పుడూ నురగలు తేలుతూ, ఈగలతో నల్లగా కదులుతూ ఉండేది. ఇప్పుడు పైన అట్టు కట్టి ఎండిపోయింది. అట్టు బీటలు వేసింది. బీటల్లో ప్లాస్టిక్ కవర్లు, జుట్టు ఉండలు, ఎవరిదో చిన్నపిల్ల చెప్పు. అక్కడ కొత్తగా ఏదీ పడి చాలా రోజులైంది. నీళ్ళ బండి రిపేరులో ఉండగానే అత్తరు బండి కూడా కనపడకుండా పోయిందన్నమాట. చివరింటి పంతులుగారి గుంత పొంగిపోతోంది, బండి పంపమని రోజూ కబురు పెడుతున్నాడు, అది కూడా రిపేరులో ఉందని కొడుకు జవాబు చెబుతున్నాడు.

ఆవిడ గట్టు మీదే కూలబడి వాంతి చేసుకుంది. తను ఆ నీళ్ళు చుక్క తాగకపోయినా.

*

మధ్యాహ్నం కొడుకు అన్నానికి వచ్చినప్పుడు కోడలిని చంటిదానితో పాటు లోపలి గదిలోకి పంపి, తలుపు దగ్గరగా వేసి, అడిగేసింది. అరవలేదు. గుంట ఎండిపోయిందిరా, చూసొచ్చాను, అంది అంతే.

అతను కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. తరవాత మెల్లగా అంతా చెప్పాడు. నీళ్ళ బండి ట్యాంకు అడుగు తుప్పు పట్టి ఊడిపోయిందట. కొత్తది రావడానికి టైము పడుతుందట. ఎండాకాలం బేరం పోతే మళ్ళీ ఏడాదికి గానీ రాదని సారు అత్తరు బండిని కడిగించాడట. లోపలికి దిగి బ్లీచింగ్ చల్లి, చీపురుతో రుద్ది కడిగింది ఈ కొడుకే. నా వల్ల కాదు సారూ అంటే, సారు నవ్వాడట.

"మీ ఇంట్లో చంటిది గిన్నెలో చేస్తే, ఆ గిన్నె పారేస్తారా, కడుక్కుని వాడుకుంటారా అన్నాడమ్మా. తాళాలు అక్కడ పెట్టి పొమ్మన్నాడు. పోతే ఇంకొకడు వస్తాడు, వాడు ఆ పాటి కూడా కడగడు. అదీ ఆలోచించాను."

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. ఈ ఇల్లు, ఈ అద్దె, చంటిది, వీడు ఇంకో బండి ఎక్కేదాకా గడిచే రోజులు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. సారు మనుషులు ఎలాంటివాళ్ళో తెలుసు. ఒక హద్దురాయి జరిపాడని ఒకాయన్ని రోడ్డు మీద కొట్టడం ఈ కళ్ళతోనే చూసింది. కొత్త ట్యాంకు ఎప్పుడొస్తుందని అడిగింది. రేపో ఎల్లుండో అన్నాడు.

"రేపటికి వచ్చేస్తుందిగా మరి," అంది ఆవిడ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. వచ్చాక దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. కొడుకు తల్లి ముఖంలోకి చూశాడు. వద్దురా అంటుందని వచ్చినవాడిలా చూశాడు. ఆవిడ అతని కంచంలో మజ్జిగ పోసింది.

రేపు వచ్చింది గానీ ట్యాంకు రాలేదు. కుట్టుమిషనావిడ కూతురికి కడుపు చెడింది. పొద్దున నాలుగు విరేచనాలు అనుకున్నది, ఎండెక్కేసరికి వాంతుల్లోకి దిగింది. ఆ పిల్ల మామూలుగా అయితే దిగులత్త గుమ్మంలోనే కూర్చుని గుడ్డపీలికలతో బొమ్మలు చుట్టుకుంటుంది. ఇప్పుడు మిషను పక్కన చాప మీద పడి ఉంది. పెదాలు తెల్లగా పేలిపోయాయి. కళ్ళు గుంటలు పడ్డాయి. ఆసుపత్రిలో ఎండదెబ్బన్నారట. నీళ్ళు బాగా తాగించమన్నారట. దిగులత్త లోపలికి అడుగుపెట్టేసరికి తల్లి పిల్ల తల ఎత్తి పట్టుకుని గ్లాసు నోటికి అందిస్తోంది. తాగవే, తాగితేనే తగ్గుతుంది, ఇంకొంచెం తాగు, అంటోంది.

చూరు కింద డ్రమ్ము. నిండుగా, తేటగా, అద్దంలా ఉంది. అడుగు దాకా కనపడుతోంది. ఇంత అసహ్యం ఇంత తేటగా ఎలా ఉందో ఆవిడకి అర్థం కాలేదు.

"కాచి తాగించమ్మా," అంది.

"గ్యాసు నిండుకుంది అత్తా. అయినా మందు కలిపిన నీళ్ళే కదా," అంది కుట్టుమిషనావిడ. పిల్ల మూతి తుడిచి, ఆ చెయ్యే తన చీరకి రాసుకుని, మళ్ళీ డ్రమ్ములో గ్లాసు ముంచింది.

దిగులత్త ఇంటికి వచ్చి, మూలనున్న క్యాను వంక చూస్తూ కూర్చుంది. అద్దెకూ బియ్యానికీ వెతుక్కునే ఇంట్లో నీలం మూతతో, మహారాణిలా కూర్చుని ఉంది అది. కోడలు అందులోంచి చంటిదానికి ఉగ్గుగిన్నె నింపుకుంటోంది. కోడలికి తెలుసు. కొడుక్కి తెలుసు. తనకి తెలుసు. ముగ్గురూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకుండా ఆ గదిలో తిరుగుతున్నారు. ఆ ఇంట్లో వాసన ఏదీ లేదు. అయినా ఆవిడ ఆ సాయంత్రం రెండుసార్లు చేతులు కడుక్కుంది.

*

పొద్దున్నే బండి శబ్దం వినపడే ముందే దిగులత్త డ్రమ్ము తిప్పి నిలబెట్టింది. దాన్ని దొర్లించుకుంటూ వీధి మొదటికి తీసుకెళ్ళి, అందరి బిందెలకీ ముందు పెట్టింది. చేతిలో స్టీలు గ్లాసు. అత్త మళ్ళీ మొదటి పంక్తికి వచ్చేసిందని ఎవరో నవ్వారు. ఇన్ని రోజులూ కొడుకు మీద అలిగినట్టుందని ఇంకొకావిడ అందుకుంది.

ట్యాంకరు వచ్చింది. కొడుకు దిగి, డ్రమ్మునీ తల్లినీ చూసి, పైపు పట్టుకుని ఆగిపోయాడు. మనకి వద్దన్నానుగా అమ్మా అన్నాడు నెమ్మదిగా.

"వీధికి మంచివి మనకి చేదా? పట్టు."

అతను పట్టలేదు. అక్కడి నుంచి కదలనూ లేదు. పైపు కొసలోంచి నీళ్ళు అతని చెప్పుల మీద కారుతున్నాయి. వెనక బిందెల వరుసలో నవ్వులు ఆగాయి. ఆవిడ అతన్ని తప్పించుకుని బండి వెనక్కి వెళ్ళింది, కుళాయికి ఉన్న పైపు ఊడలాగింది, గ్లాసు నిండేదాకా పట్టింది. తేటగా ఉన్నాయి. ఆవిడకి గుంట మీది అట్టు గుర్తొచ్చింది, ఆ చిన్న చెప్పు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తింది.

కొడుకు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. వాడి చిన్నప్పుడు పొయ్యి దగ్గర ఆవిడ వాడి చెయ్యి ఎలా పట్టుకునేదో అలా, నెప్పెట్టేలా పట్టుకున్నాడు. గ్లాసు కింద పడి దొర్లింది.

"తాగకమ్మా. ఇది ఆ బండే."

ఏ బండి అని పంతులుగారు వరుస చివర నుంచి అడిగాడు. చెప్పడానికి కొడుక్కి ఇంకో పేరు దొరకలేదు. అత్తరు బండి అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ తన బిందెలోకి తొంగి చూసి, నిన్నటి నీళ్ళు దాన్లో ఇంకా ఉన్నాయని గుర్తొచ్చి, దాన్ని పాముని విదిలించినట్టు వదిలేసింది. ఇంకొకావిడ కాలువ పక్కన కూర్చుని గొంతులో వేలు పెట్టుకుంది. కొడుకు బండి కిందికి దూరి అడుగు వాల్వు విప్పాడు. నీళ్ళన్నీ ఒక్కసారిగా వీధిలోకి దూకాయి. ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గుమ్మాలెక్కారు. అంత దాహంగా ఎదురుచూసిన నీళ్ళు ఎవరి కాలికీ తగలకూడదన్నట్టు. ఆ హడావిడిలోనే వెనక నుంచి ఎవరో గొణిగారు, అంతా పారబోయడం దేనికి, కనీసం గచ్చు కడుక్కునేవాళ్ళం అని.

సారుకి రెండు బూతులు, ఆ బండికి నాలుగు బూతులు పడ్డాయి. కుట్టుమిషనావిడ మాత్రం ఏమీ అనలేదు. వచ్చి దిగులత్త ఎదురుగా నిలబడింది. నీలం రంగు మరక ఆమె అరచేతిలో ఇంకా ఉంది.

"నీ డ్రమ్ము మొదటి రోజు నుంచీ బోర్లించి ఉంది కదా అత్తా," అంది.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. దిగులత్త తన ఇంట్లోకి వెళ్ళి, సీలు తియ్యని రెండో క్యాను ఈడ్చుకుంటూ తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టింది. కుట్టుమిషనావిడ దాన్ని చూసింది. చాప మీది పిల్లని చూసింది. క్యాను ఎత్తి, నీళ్ళు తన బిందెలో వంచుకుంది. ఖాళీ క్యాను చేతికివ్వకుండా, గుమ్మం బయట నేల మీద పెట్టి తలుపు వేసుకుంది.

*

కొడుకు తాళాలు ప్లాట్లాయన బల్ల మీద పెట్టి వచ్చాడు. ఆ సాయంత్రానికే ఇంకో కథ వీధిలోకి చేరింది. డ్రైవరు తాగి, ఒక బండి బదులు ఇంకో బండి తీసుకెళ్ళాడట, సారుకి అసలు సంగతే తెలియదట. సగం మంది నమ్మారు. నమ్మడం వాళ్ళకి అవసరం, ఎందుకంటే రేపు నీళ్ళు తెప్పించుకోవాల్సింది మళ్ళీ అతని దగ్గరే. పంతులుగారు అర్జీ పట్టుకుని పట్నం ఆఫీసుకి వెళితే, మీది ఇంకా పల్లె కిందే ఉంది పొమ్మన్నారు. పల్లె ఆఫీసుకి వెళితే, లేఅవుట్లు మావి కావన్నారు. రెంటికీ చెడ్డ రేవళ్ళమయ్యామమ్మా అని ఆయన వచ్చి తన అరుగు మీద కూర్చుని చెప్పులు దులుపుకున్నాడు. ఆయన పెరట్లో పొంగింది అప్పటికి అరుగు దాకా వచ్చింది. ఎవరి చెప్పులు దేంట్లో పడి వస్తున్నాయో అడిగే ఓపిక ఎవరికీ లేదు.

పిల్ల మర్నాటికి కళ్ళు తెరిచి అన్నం అడిగింది. ఆ కబురు దిగులత్తకి కోడలి ద్వారా తెలిసింది. కుట్టుమిషనావిడ చెప్పలేదు.

తరవాత రోజు ట్యాంకరు వచ్చింది. రంగు నీలమే. వెనక వరుసగా కుళాయిలు ఉన్నాయి. డ్రైవరు కొత్తవాడు. కిందికి దిగి పైపు లాగి, ఎవరూ ముందుకి రాకపోతే విసుక్కున్నాడు. మంచినీళ్ళమ్మా, కావాలా వద్దా, ఇంకా రెండు వీధులు తిరగాలి అన్నాడు. బిందెలు గుమ్మాల్లోనే ఉన్నాయి. వీధి మొత్తం దిగులత్త డ్రమ్ము వంక చూస్తోంది.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. అతను అరుగు మీద నుంచి బండిని చాలాసేపు పరకాయించి చూశాడు. ట్యాంకు కొత్తదో కాదో తెలియడం లేదమ్మా అన్నాడు. క్యాబిన్ కిటికీలోంచి చూస్తే, సీటు పక్కన కొన్న నీళ్ళ సీసా ఒకటి సగం ఖాళీగా దొర్లుతూ ఉంది. అది ఆవిడ చూసింది.

గ్లాసు తెచ్చుకుంది. ఈసారి కొడుకు లేచి వచ్చేలోపలే, గుటకలు వేస్తూ అడుగు దాకా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. తుప్పు రుచి, దాని వెనక ఇంకేదో, లేకపోతే ఏమీ లేదో. తెలియలేదు. ఇన్నేళ్ళూ ఊరికే భయపడి కరిగించిన ఒళ్ళు, ఇవాళ ఒక పనికి వచ్చింది.

కుట్టుమిషనావిడ తన గుమ్మం దిగి నాలుగడుగులు ముందుకి వచ్చింది. పిల్లని చంకలో వేసుకుని ఉంది.

"ఎలా ఉన్నాయి?" అంది. అత్తా అని అనలేదు.

"నింపుకోండి," అంది దిగులత్త, తన డ్రమ్ము పక్కకి జరిపి ఆమె బిందెకి చోటిస్తూ. "తాగడం మాత్రం ఆగండి. సాయంత్రం దాకా నన్ను చూడండి."

అని తన గుమ్మం ముందు, అందరికీ కనపడేలా, పీట వేసుకుని కూర్చుంది.